కింద దుకాణాలు, పైన ఇళ్లు: మీ వీధికి మిశ్రమ వినియోగ కట్టడం వస్తున్నప్పుడు చెన్నై కాలనీ సంఘాలు చేయవలసిన పనులు, క్రమం ప్రకారం

కింద దుకాణాలు, మధ్యలో ఆఫీసులు, పైన ఇళ్లు ఉండే కట్టడం తమ వీధిలోకి రాబోతోందని తెలిసిన తరువాత ఎవరిని కలవాలి, ఏమి రాయాలి, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది అని పెరంబూరు, విల్లివాక్కం, సైదాపేట వైపు కాలనీ సంఘాలలో పనిచేసే తెలుగువారు తరచుగా అడుగుతున్నారు. విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులన్నిటినీ ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. వీధిలో పాల బూత్, మందుల దుకాణం, టిఫిన్ సెంటర్ నడకదూరంలో ఉండాలని కోరుకునేవాళ్లమే మనమందరమూ; మన బాధంతా రాత్రి పదకొండుకు షట్టర్ లాగే చప్పుడు, గేటుకు అడ్డంగా నిలిపిన బండి, వంటగది పొగ. అందుచేత "అనుమతి ఇవ్వవద్దు" అని రాయడం కన్నా ఏ షరతులతో ఇవ్వాలో రాయడమే ఎక్కువ సందర్భాలలో పనికివస్తుంది. కింది దశలన్నీ ఆ షరతులను తయారు చేసుకోవడానికే.

## 1. మీ ముందున్నది ఏ రకం ప్రతిపాదనో తేల్చుకోండి

చాలా సంఘాలు ఇక్కడే తడబడతాయి. బయటికి ఒకేలా కనిపించే మూడు పరిస్థితులకు మూడు వేరు వేరు దారులు ఉన్నాయి.

(అ) భూ వినియోగం మార్పు. నివాస ప్రాంతంగా గుర్తించిన స్థలాన్ని వాణిజ్య ప్రాంతంగానో మరో విధంగానో మార్చమని యజమాని కోరడం. ఇది 1971 నాటి తమిళనాడు పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం కింద మాస్టర్ ప్లాన్‌ను సవరించే ప్రక్రియ. దీనికి దినపత్రికలో ప్రకటన వస్తుంది. అభ్యంతరాలు, సూచనలు పంపడానికి గడువు ఇస్తారు. ప్రజలు అధికారికంగా మాట్లాడగల చోటు ఇదే.

(ఆ) ఉన్న వినియోగంలోనే కట్టడం. చెన్నై రెండవ మాస్టర్ ప్లాన్‌లో ప్రాథమిక నివాస ప్రాంతం, మిశ్రమ నివాస ప్రాంతం, వాణిజ్య ప్రాంతం అని వేరు వేరుగా ఉన్నాయి. స్థలం మిశ్రమ నివాస ప్రాంతంలో ఉంటే అక్కడ అనుమతించిన దుకాణాలకు, ఆఫీసులకు భూ వినియోగం మార్పు అవసరం ఉండదు. ప్లానింగ్ పర్మిషన్ సరిపోతుంది. పత్రికా ప్రకటన కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పునాదులు కూడా పడిపోతాయి. ఇక్కడ మీ పని వినతి పత్రాన్ని ముందుగానే, మీ అంతట మీరుగా ఇవ్వడం.

(ఇ) అనుమతి లేకుండా మారిన ఇల్లు. ఇల్లుగా అనుమతి పొందిన కట్టడంలో హోటలో గోదామో పెట్టడం. ఇది ప్రణాళిక విషయం కాదు, అమలు విషయం. కార్పొరేషన్ జోనల్ ఆఫీసుకు ఫిర్యాదుతో మొదలవుతుంది. ఈ మార్గదర్శి మొదటి రెండింటి గురించే.

పెద్ద కట్టడాల వల్ల పర్యావరణానికి కలిగే నష్టం మీద బహిరంగ విచారణ జరుగుతుందని కొందరు నమ్ముతారు. 20,000 చదరపు మీటర్ల నిర్మాణ విస్తీర్ణం నుంచి పర్యావరణ అనుమతి తప్పనిసరి అయినా, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం భవన నిర్మాణ ప్రాజెక్టులకు బహిరంగ విచారణ నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి ఆ ఆశతో రోజులు పోగొట్టుకోవద్దు.

## 2. కాగితాలు సేకరించండి

ఒక్క సర్వే నంబరు దొరికితే మిగిలినవన్నీ దారిలో పడతాయి. స్థలం చుట్టుపక్కల ఉన్న మీ పాత దస్తావేజులలో సరిహద్దుల వివరాలు చూడండి. పక్క స్థలం సర్వే నంబరు చాలాసార్లు అందులోనే ఉంటుంది.

- సర్వే నంబరు, సబ్ డివిజన్, రెవెన్యూ గ్రామం పేరు
- పట్టా, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (స్థలం ఆకారం, కొలతలు ఇందులో తెలుస్తాయి)
- సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) వెబ్‌సైటులో ఆ సర్వే నంబరుకు చూపిన భూ వినియోగం, దాని ముద్రిత ప్రతి
- స్థలం చుట్టూ ఉన్న వీధుల మాస్టర్ ప్లాన్ మ్యాపు
- పత్రికా ప్రకటన వచ్చి ఉంటే అసలు కత్తిరింపు, పత్రిక పేరు, తేదీ
- ఇప్పటికే అమ్మకాలు మొదలైతే, తమిళనాడు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు వివరాలు

గ్రామం పేరు దగ్గర జాగ్రత్త అవసరం. రెవెన్యూ గ్రామం పేరు, మనం వాడే ప్రాంతం పేరు ఒకటి కాకపోవచ్చు. తప్పు గ్రామంలో అదే సర్వే నంబరు వెతికి, వేరే స్థలం వివరాలతో వినతి పత్రం రాసిన సంఘాలను చూశాను.

దొరకని ప్రతిని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. రుసుము 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. అభ్యంతరాల గడువు అంతకన్నా ముందే ముగిసిపోవచ్చు కాబట్టి దరఖాస్తు మొదటి రోజే వేయండి, కానీ జవాబు కోసం వినతి పత్రాన్ని ఆపవద్దు.

ఇంకొక మాట. ప్రకటనలు తమిళంలో వస్తాయి, ఆఫీసుకు వెళ్లే కాగితం తమిళంలో గాని ఇంగ్లీషులో గాని ఉండాలి. మన పెద్దవాళ్లలో చాలామంది తమిళం ధారాళంగా మాట్లాడతారు గాని చదవలేరు. సంఘంలో తమిళ పత్రికలు రోజూ చదివే ఒక్కరికి ఆ బాధ్యత అప్పగించండి.

## 3. వీధిని కొలవండి

మొత్తం పనిలో ఎక్కువ శ్రమ పెట్టవలసిన దశ ఇది. యజమాని వైపు నుంచి నక్షాలు, సలహాదారుల నివేదికలు వెళతాయి. మీ వైపు నుంచి వెళ్లవలసింది ఆ వీధిలో ఉండేవాళ్లకు మాత్రమే తెలిసే అంకెలు. నలుగురు మనుషులు, ఒక టేపు, ఒక వారం చాలు.

రోడ్డు వెడల్పు. స్థలం ముందు ఒకచోట కొలిచి ఊరుకోకండి. పెద్ద రోడ్డు కూడలి నుంచి స్థలం దాకా ప్రతి 50 మీటర్లకు ఒకసారి, కాంపౌండు గోడ నుంచి కాంపౌండు గోడ వరకు కొలవండి. తరువాత అందులో నడవడానికి, బండి పోవడానికి నిజంగా ఎంత మిగిలిందో వేరుగా రాయండి. ఎంత కట్టవచ్చన్నది రోడ్డు వెడల్పు మీదే ఆధారపడుతుంది కాబట్టి, ట్రాన్స్‌ఫార్మరు, గుడి మెట్లు, పాత బావి వల్ల ఇరుకైన మలుపు ఒకటి ఉంటే ఆ ఒక్క కొలతే మీ పత్రంలో అన్నిటికన్నా బరువైన వాక్యం కావచ్చు.

రాకపోకలు. ఒక పనిదినం, ఒక ఆదివారం ఎంచుకోండి. ఉదయం 8 నుంచి 10, సాయంత్రం 5:30 నుంచి 8:30 వరకు పదిహేను నిమిషాలకొక గడి చొప్పున కాగితంపై గీతలు పెట్టండి. కార్లు, ద్విచక్ర వాహనాలు, ఆటోలు, లారీలు, నడిచేవాళ్లు వేరు వేరు. నడిచేవాళ్లను లెక్కించడం అందరూ మరచిపోతారు. మిశ్రమ వినియోగంలో అసలు లెక్క వాళ్లదే.

ఎంచుకున్న వారం గురించి ఆలోచించండి. ఆడి మాసపు తగ్గింపు అమ్మకాల రోజులలోనో దీపావళికి ముందు వారంలోనో టి నగర్ దగ్గరి వీధులలో లెక్క తీస్తే, అది మామూలు రోజు కాదని అవతలివాళ్లు ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. మామూలు వారం లెక్క తీసి, పండుగ లెక్కను అదనపు పట్టికగా జోడించండి.

నిలిపిన బండ్లు. రాత్రి 9 గంటలకు వీధిలో నిలిపి ఉన్న కార్లను ఇంటి నంబరు ప్రకారం లెక్కించండి. ఇక్కడ మన తప్పులు కూడా బయటపడతాయి. సొంత స్టిల్ట్ పార్కింగును (కట్టడం కింద స్తంభాల మధ్య వదిలిన చోటును) గదిగా మార్చుకుని కారును రోడ్డు మీద పెట్టే ఇళ్లు ఎన్నో కూడా రాయండి. దాన్ని దాచిపెట్టి, కొత్త కట్టడం వల్లే పార్కింగు పోతుందని రాసిన సంఘం తనిఖీ రోజున తలదించుకోవలసి వస్తుంది. మా సంఘానికి ఆ అనుభవం ఒకసారి కలిగింది, అది పూర్తిగా మా తప్పే.

నీరు, మురుగు, వాన. మెట్రోవాటర్ సరఫరా ఎన్ని రోజులకొకసారి వస్తోంది, నీటి లారీలు ఎన్ని వస్తున్నాయి, మ్యాన్‌హోల్ ఏ చోట పొంగుతోంది అనేవి తేదీలతో రాయండి. 2023 డిసెంబరులో మిగ్జామ్ తుపాను వచ్చినప్పుడు నీరు ఎక్కడిదాకా నిలిచిందో గోడల మీద మరకలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి; నేల నుంచి ఎత్తు కొలిచి ఫొటో తీయండి. బేస్‌మెంటు పార్కింగు ప్రతిపాదించిన చోట ఆ ఫొటో ఒక్కటే పది వాదనలకు సమానం.

## 4. ఎంత కట్టగలరో మీరే లెక్క వేయండి

పుకార్లలో పన్నెండు అంతస్తులు అని వినిపించేది కాగితం మీద అయిదు అంతస్తులే కావచ్చు. 2019 నాటి తమిళనాడు సమీకృత అభివృద్ధి, భవన నియమాలలో మూల ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే అంకె) 18.30 మీటర్ల ఎత్తులోపు కట్టడాలకు 2.0, అంతకు మించిన ఎత్తైన కట్టడాలకు 3.25 వరకు. దీనిపైన రుసుము చెల్లించి ప్రీమియం ఎఫ్‌ఎస్‌ఐ కొనుక్కోవచ్చు: రోడ్డు 9 మీటర్ల నుంచి 12 మీటర్ల లోపు ఉంటే 30 శాతం, 12 నుంచి 18 మీటర్ల లోపు 40 శాతం, 18 మీటర్లు, ఆ పైన 50 శాతం. నియమాలకు సవరణలు వస్తుంటాయి కాబట్టి మీ పత్రం రాసే రోజున అమలులో ఉన్న పట్టికతో సరిచూసుకోండి.

మన భాషలో, అంటే గ్రౌండ్ల లెక్కలో చూద్దాం. స్థలం 6 గ్రౌండ్లు అనుకోండి.

- 6 గ్రౌండ్లు × 2,400 = 14,400 చదరపు అడుగులు
- ఎఫ్‌ఎస్‌ఐ 2.0 చొప్పున 28,800 చదరపు అడుగులు
- 12 మీటర్ల రోడ్డు అయితే 40 శాతం ప్రీమియం, మరో 11,520
- మొత్తం 40,320 చదరపు అడుగులు

మీ కొలతలో రోడ్డు 12 మీటర్లకు తక్కువని తేలితే ప్రీమియం 30 శాతానికి, అంటే 8,640 చదరపు అడుగులకు తగ్గుతుంది. మూడో దశలో టేపు పట్టుకుని తిరిగిన శ్రమకు ఇదే ఫలితం.

స్థలం 3,000 చదరపు మీటర్లు (సుమారు పదమూడున్నర గ్రౌండ్లు) దాటితే పదో వంతు ఖాళీ స్థలంగా వదలాలనే ఓఎస్‌ఆర్ నియమం వర్తిస్తుంది. 10,000 చదరపు మీటర్ల లోపు స్థలాలలో, భూమి వదలడం వీలుకాని పక్షంలో దాని విలువ చెల్లించే వెసులుబాటు ఉంది. చుట్టుపక్కల పార్కు లేని కాలనీ అయితే డబ్బు కాకుండా భూమే తీసుకోవాలని, అది ప్రజా రోడ్డు వైపు ఉండాలని రాతపూర్వకంగా కోరండి. కట్టడం వెనుక మూలన వదిలిన పార్కుకు వీధిలోని పిల్లలు ఎన్నడూ వెళ్లరు.

## 5. అంతస్తుల వారీగా షరతులు రాయండి

మొత్తం కట్టడం గురించి ఒకే పేరా రాయకుండా, నేల నుంచి పైకి ఒక్కొక్క అంతస్తు దగ్గర ఆగి ఆలోచించండి.

బేస్‌మెంటు, స్టిల్ట్. కొనుగోలుదారుల బండ్లకు, నివాసుల బండ్లకు వేరు వేరు చోట్లు గీసి చూపాలి. డెలివరీ బండ్లకు, ఆటోలకు ఆవరణ లోపల చోటు ఉండాలి. నక్షాలో కార్ల లెక్క సరిపోయినా డెలివరీ కుర్రాళ్ల ద్విచక్ర వాహనాలు ఇరవై మీ గేటు ముందే నిలుస్తాయి.

నేల అంతస్తు. మంచి చెడ్డా తేలేది ఇక్కడే. ఏ దుకాణం అన్నది ఈ రోజు తెలియకపోవచ్చు గాని, ఏ రకం దుకాణానికైనా వర్తించే ఏర్పాట్లు ఇప్పుడే కోరవచ్చు:

- దుకాణం మెట్లు, ర్యాంపు స్థలం హద్దు లోపలే ముగియాలి. ఫుట్‌పాత్ మీదికి రాకూడదు
- వాహనాల ప్రవేశం ఒకటే ఉండాలి, అది బడి గేటుకో బస్ స్టాపుకో ఎదురుగా ఉండకూడదు
- సరుకు దింపడం ఆవరణలోనే, ఉదయం 7 లోపు గాని మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య గాని
- తినుబండారాల దుకాణానికి అవకాశం ఉంటే పొగ గొట్టం పైకప్పు దాటి పోయేలా నిలువు మార్గం నక్షాలోనే చూపాలి. వంటగది మురుగుకు జిడ్డు వడకట్టే తొట్టి ఉండాలి
- చెత్త గది లోపల ఉండాలి, కార్పొరేషన్ బండి అందుకోగలగాలి

పొగ గొట్టం మార్గం గురించి ప్రత్యేకంగా చెబుతున్నాను. కట్టడం పూర్తయ్యాక దానికి చోటు దొరకదు. అప్పుడు గోడకు రంధ్రం కొట్టి పక్క ఇంటి పడకగది వైపు తిప్పుతారు.

ఆఫీసు అంతస్తులు. జనరేటరు, ఏసీ బయటి యూనిట్లు ఏ దిక్కున వస్తాయో చూపమనండి. అద్దాల గోడ పడమటి ఎండను ఎదుటి ఇళ్లలోకి కొట్టకుండా చూడాలి.

ఇళ్లు. నివాసులకు వేరు మెట్లు, వేరు లిఫ్టు, వీధి నుంచి నేరుగా వచ్చే వేరు ప్రవేశం ఉండాలి. ఇది పై అంతస్తు వాళ్ల గొడవ కదా అని వదిలేయకండి. వాళ్లే రేపు మీ సంఘ సభ్యులు. అక్కడ ఇల్లు కొనాలనుకునేవాళ్లు యూడీఎస్ (విభజించని భూమిలో వాటా) లెక్కలో దుకాణాల వాటా ఎంత, నిర్వహణ ఖర్చు ఎలా పంచుతారు, పైకప్పు ఎవరిది అనే మూడు ప్రశ్నలు రిజిస్ట్రేషనుకు ముందే అడగాలి.

వేళలు, శబ్దం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలలో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతానికి 65, 55. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. మిశ్రమ ప్రాంతాన్ని ఏ తరగతిగా పరిగణించాలో నిర్ణయించేది సంబంధిత అధికారి. ఈ ఖాళీలోనే మీ షరతు పెట్టాలి: ఇళ్ల వైపు హద్దు గోడ వద్ద నివాస ప్రాంతపు పరిమితులే వర్తించాలని స్పష్టంగా కోరండి.

## 6. సమావేశం పెట్టండి, దుకాణదారులను కూడా పిలవండి

ఇళ్ల యజమానులు మాత్రమే కూర్చుంటే అద్దెకున్నవాళ్ల, ఇస్త్రీ బండివాళ్ల, పూలమ్మేవాళ్ల సంగతి పత్రంలోకి రాదు. మాటలు తెలుగు, తమిళం రెండింటిలో సాగనివ్వండి. షరతులలో ముఖ్యమైన ఏడింటిని చేతులెత్తించి ఎంచుకోండి. ఇరవై షరతులు అడిగితే ఒక్కటీ నిలవదు. హాజరు పట్టీలో సంతకం, ఇంటి నంబరు, తేదీ ఉండాలి. వార్డు కౌన్సిలరును పిలవండి. ఏరియా సభ (వార్డులోని ఒక్కో భాగానికి జరిగే ప్రజల సభ) జరిగే రోజు దగ్గరలో ఉంటే అదే విషయం అక్కడ కూడా తీర్మానంగా నమోదు చేయించండి.

## 7. వినతి పత్రం రాయండి

వరుస ఇలా ఉండాలి: స్థలం వివరాలు, ప్రకటన వివరాలు, మీ కొలతల సారాంశం, షరతులు, జతపరచిన పట్టికలు, ఫొటోలు. ఉత్తరం రెండు పేజీలు దాటకూడదు.

పనికిరాని వాక్యం: "మా ప్రాంతంలో ట్రాఫిక్ విపరీతంగా ఉన్నందున అనుమతిని నిరాకరించవలసిందిగా కోరుతున్నాము."

పనికివచ్చే వాక్యం (అంకెలు నమూనాకే): "స్థలం ముందు రోడ్డు వెడల్పు 9.4 మీటర్లు ఉండగా, కూడలి నుంచి 150 మీటర్ల దూరంలోని మలుపు వద్ద 7.1 మీటర్లు మాత్రమే ఉన్నందున, అర్హత గల వెడల్పును స్థల తనిఖీలో నిర్ధారించి, సరుకు వాహనాలను ఉదయం 7 గంటల లోపు మాత్రమే అనుమతించే షరతు విధించవలసిందిగా కోరుతున్నాము."

పత్రాన్ని అనుమతి ఇచ్చే ఆఫీసులో చేతికి ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి, అదే రోజు స్పీడ్ పోస్టులో కూడా పంపండి. ప్రకటన వచ్చి ఉంటే అందులోని ఫైలు సంఖ్య ప్రతి పేజీ పైన ఉండాలి.

## 8. తరచుగా జరిగే తప్పులు, సవరించుకునే మార్గాలు

ఒకే ఉత్తరాన్ని డెబ్బై మంది సంతకం చేసి విడివిడిగా పంపడం. అది ఒక్క అభ్యంతరంగానే లెక్కకు వస్తుంది. ఒక ఉమ్మడి పత్రం, దానితో పాటు ఎదురింటివాళ్లు, మూల ఇంటివాళ్లు తమ సొంత ఇబ్బంది గురించి రాసిన నాలుగైదు ఉత్తరాలు చాలు.

"బయటివాళ్లు వస్తారు" అని రాయడం. ఇది ప్రణాళికా కారణం కాదు, వినడానికి కూడా బాగుండదు. మీ భయం భద్రత గురించి అయితే దీపాలు, ప్రవేశ ద్వారాలు, కాపలా వేళల గురించి రాయండి.

గడువు దాటిపోవడం. అయినా పత్రం ఇవ్వండి. భూ వినియోగం మారినా కట్టడానికి ప్లానింగ్ పర్మిషన్ విడిగా కావాలి; షరతులకు ఆ దశలో ఇంకా చోటు ఉంటుంది.

యజమానితో మాట్లాడకపోవడం. చెత్త గది స్థానం, గేటు స్థానం వంటివి నక్షా గీసే దశలో ఖర్చు లేకుండా మారతాయి. ఒప్పుకున్నవాటిని చిన్న ఉత్తరంగా రాయించుకుని ప్రతిని మీ పత్రానికి జతచేయండి.

## 9. అనుమతి వచ్చిన తరువాత

ఆమోదించిన నక్షా ప్రతి సంపాదించి, మీ షరతులలో ఏవి చేరాయో ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. పని మొదలయ్యాక నెలకొకసారి ఒకే చోట నిలబడి ఫొటో తీయండి: సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలవలసిన ఖాళీ), ర్యాంపు, పొగ గొట్టం మార్గం.

కంప్లీషన్ సర్టిఫికెట్ రాకముందు ఇచ్చిన ఫిర్యాదుకు ఉండే బలం తరువాత ఉండదు, ఎందుకంటే ఇలాంటి కట్టడాలకు నీరు, మురుగు, విద్యుత్ కనెక్షన్లు ఆ సర్టిఫికెట్ మీద ఆధారపడతాయి. ఆ తరువాత ఒక్కొక్క దుకాణం ట్రేడ్ లైసెన్సు మీ చేతిలో మిగిలే దారి. వేళల ఉల్లంఘన, పొగ, చెత్త గురించి కార్పొరేషనుకు తేదీలతో రాయండి.

దుకాణాలు తెరిచిన ఆరు నెలలకు, మూడో దశలో వాడిన అదే కాగితం, అదే గడులు, అదే వేళలు పెట్టుకుని రాకపోకలను మళ్లీ లెక్కించండి. పాత పట్టిక పక్కన కొత్తది పెట్టి సంఘం ఫైలులో భద్రపరచండి. అదే వీధిలో రెండో ప్రతిపాదన వచ్చిన రోజున మొదట తెరవవలసిన ఫైలు అది.